పైఇంటి రిత్సు, ఆ ఏటి మంచు

మా ఊళ్ళో కప్పు మీది మంచు దించడం అనరు, మంచు తవ్వడం అంటారు. దించడమంటే పైనుంచి కిందికి వెయ్యడం. కింద చోటున్నన్నాళ్ళే ఆ మాట పనికొస్తుంది. మా ఎచిగో కొండల్లో జనవరి సగానికి వచ్చేసరికి కింద చోటుండదు. నేల మీది మంచు చూరు దాటి లేస్తుంది. అప్పుడిక ఇల్లు గోతిలో ఉన్నట్టు. మనిషి గట్టు మీద నిలబడి దాన్ని తవ్వి బయటికి తీసుకోవాలి.

పైఇంటి రిత్సు ఈ పని పదిహేను చలికాలాలు చేసింది. నేను కింది ఇంటి కోడలిని, పేరు సుమియే. మా రెండిళ్ళకూ మధ్య నలభై అడుగుల దూరం. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. ఇక్కడ చెప్పేదంతా సగం నేను చూసింది, సగం ఆవిడ నోటివెంట విన్నది.

రిత్సుది నది ఒడ్డున ఊరు. పంతొమ్మిదో ఏట పైఇంటికి కోడలై వచ్చింది. పెళ్ళి మాటలకు వచ్చిన పెద్దమనిషి తన ముఖం కంటే భుజాలు ఎక్కువసేపు చూశాడని చెప్పి నవ్వేది. నిజంగానే విశాలమైన భుజాలు. బియ్యపు బస్తా ఎత్తుకుని మెట్లెక్కుతూ మాట్లాడగలిగేది. భర్త కనెజిరో మంచివాడు, మాట తక్కువ. మా ఊరి మగవాళ్ళందరిలాగే అతనూ వడ్లు ఇంటికి చేరగానే, నవంబరు చివర, దక్షిణాన సారా కాచే ఊళ్ళకు పనికి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఏప్రిల్లో రావడం. వాళ్ళ బస్సు మలుపు తిరిగాక ఊళ్ళో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, బడి మేస్టారు.

"పెళ్ళై పదిహేనేళ్ళయింది. కాపురం మాత్రం తొమ్మిదేళ్ళది కూడా కాదు" అనేది రిత్సు.

పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉండేది తను, అత్తగారు షిమా. ఈ షిమా పెద్దమ్మ పిడికెడు మనిషి. డెబ్బై ఒకటో ఏట కూడా నడుం వంగలేదు. అరవై ఐదేళ్ళు వచ్చేదాకా ఆ కప్పు కోడలితోపాటు తనూ తవ్వింది. పార పూర్తిగా కోడలికి వదిలేసిన రోజు నుంచి నోటికి మాత్రం సెలవివ్వలేదు. కింద నిలబడి తల పైకెత్తి, మంచు ముఖాన పడుతున్నా కదలకుండా, అదే పనిగా చెబుతూ ఉండేది.

"అది తవ్వడమా? కోడి గీకినట్టుంది."

"కోడికి పార ఇచ్చి చూడండి అత్తయ్యా. నేనూ కాస్త కూర్చుంటాను."

"కూర్చో. ఇల్లు కూడా నీతోపాటే కూర్చుంటుంది."

ఈ మాటలు మా ఇంట్లోకి వినబడేవి. మేం నవ్వుకునేవాళ్ళం. రిత్సుకు అందులో నవ్వు ఎంతుందో, కోపం ఎంతుందో నాకు ఆ ఏడాది దాకా తెలియలేదు.

ఆ ఏడాది అంటే పంతొమ్మిది వందల అరవై మూడు జనవరి. దానికి ముందరి శరత్కాలంలో, ముల్లంగి దుంపలు కడుగుతుండగా, రిత్సు నాతో ఒక మాట చెప్పింది. దక్షిణ సముద్రం పక్కన ఒక నూలు మిల్లువాళ్ళు చలికాలపు నెలలకు ఆడవాళ్ళను పనికి తీసుకుంటున్నారట. బడి మేస్టారి దగ్గర కాగితం చూసి ఉత్తరం రాసిందట.

"మరి కప్పు?" అన్నాను నేను.

"అందరూ మొదట అడిగేది అదే. నేనూ నన్ను అదే అడుక్కున్నాను." తడిచేతులు నడుముకి తుడుచుకుంది. "పదిహేను చలికాలాలు సుమియే. ఒక్క చలికాలం నేల కనబడుతుండగా నడవాలని ఉంది. అంతే."

జవాబు కోసం నవంబరు అంతా చూసింది. తపాలా మనిషి వచ్చేవేళకు ఏదో ఒక పని పెట్టుకుని దారి పక్కన నిలబడేది. రాలేదు. మగవాళ్ళు వెళ్ళిపోయారు. మేం ఎప్పటిలాగే ఇళ్ళ చుట్టూ పలకలు బిగించుకున్నాం, కిటికీలు మూసుకున్నాం. మా ఇళ్ళల్లో చలికాలమంతా పగలు కూడా దీపమే.

జనవరి పదో తేదీ దాటాక మొదలైన మంచు ఆగలేదు. గాలి లేదు. కొంచెం కూడా చప్పుడు లేదు. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి గోడ. ఆ గోడలో మెట్లు చెక్కుకుంటూ పైకెక్కితే, ముందురోజు ఎక్కడ నిలబడ్డామో తెలియదు. కప్పు తవ్వి దిగేసరికి మొదట తవ్విన చోట మోకాలి లోతు పడి ఉండేది. కరెంటు పోయింది. తపాలా ఆగింది. పట్నం దారి మూసుకుపోయిందని తెలిసింది కానీ, ఆ తెలియజెప్పిన మనిషి కూడా తిరిగి వెళ్ళలేకపోయాడు. ఒకరింటికి ఒకరం పోవడం మానేశాం. ఎవరి కప్పు వాళ్ళదే. నలభై అడుగుల అవతల రిత్సు పార చప్పుడు వినబడితే, సరే, ఉంది అనుకునేదాన్ని. నా పార విని ఆవిడా అలాగే అనుకునేదట.

కప్పు బరువెక్కితే ముందు తెలిసేది లోపలి తలుపులకు. మావి పక్కకు జరిపే తలుపులు. పైన దూలం కొంచెం కిందికి వంగిందంటే చాలు, తలుపు బిగుసుకుంటుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోలేం. అందుకని రోజూ పొద్దునే షిమా పెద్దమ్మ ఇంట్లో తలుపులన్నీ ఒక్కొక్కటే జరిపి చూసేది, వైద్యుడు నాడి చూసినట్టు.

జనవరి ఇరవై మూడు పొద్దున మూడు తలుపులు కదల్లేదు.

అంతకుముందు వారంలో అయిదుసార్లు తవ్విన కప్పది. రిత్సు మళ్ళీ పార పట్టుకుని ఎక్కింది. ఉత్తరం వైపు మొదలుపెట్టింది. కాసేపటికి షిమా మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"ఒకవైపే తవ్వకే. అటు కొంచెం, ఇటు కొంచెం తియ్యి. ఇల్లు ఒరుగుతుంది."

"తెలుసు అత్తయ్యా."

"తెలిసినదానివి అక్కడే ఎందుకు పాతుకుపోయావు?"

"అంత బాగా తెలిసినవారు మీరే ఎక్కి తవ్వండి."

రోజూ అనుకునే మాటలే. కానీ ఆ రోజు రిత్సు మాట్లాడటం ఆపేసింది. వినడం కూడా ఆపేసింది. ఉత్తరం వైపు కప్పు గడ్డి కనబడేదాకా తవ్వి పారేసింది. ఆ మంచంతా ఉత్తరపు కిటికీల మీదే పోసింది. దక్షిణం వైపు ముట్టుకోకుండా, ఒళ్ళంతా తడిసి, దిగి లోపలికి వచ్చేసింది.

"కావాలనే చేశాను సుమియే" అని చెప్పింది తర్వాత. "ఆవిడ చెప్పినట్టు కాకుండా ఒక్క పనైనా చెయ్యాలనిపించింది. ఎక్కడికీ పోలేను. ఏదీ మార్చలేను. కనీసం కప్పు నా ఇష్టమొచ్చినట్టు తవ్వుతాను అనుకున్నాను."

పదిగంటలకు ఇద్దరూ నిప్పుల గుంట దగ్గర కూర్చున్నారు. టీ, ఊరేసిన ముల్లంగి. అప్పుడు నెత్తి మీద ఒక పెద్ద మూట జారినట్టు చప్పుడైంది. దక్షిణం వైపు మంచు, చూరు దగ్గరిది సగం, ఒక్కసారిగా కిందికి జారింది. వాకిట్లో చెక్కిన మెట్లు పూడిపోయాయి. దక్షిణపు మేడ కిటికీ పూడిపోయింది. పై సగం మాత్రం కప్పు నెత్తినున్న కొప్పును పట్టుకుని అలాగే వేలాడింది. ఆ బరువంతా ఒకే పక్కకు పడి ఇల్లు మూలిగింది. రిత్సు లేచి వీధి తలుపు పట్టుకుని లాగింది. గోడలాగా ఉంది. అటు పడకగది తలుపు కదల్లేదు. ఉత్తరపు కిటికీ సంగతి చూడనక్కర్లేదు, దాన్ని పొద్దున తన చేతులతో తనే పూడ్చింది.

షిమా పెద్దమ్మ టీ గిన్నె కింద పెట్టింది. నేను చెప్పలేదా అనలేదు. ఆ ఒక్కమాట అననందుకు తనకు భయం వేసిందని రిత్సు అనేది.

అంతలో పొగ వెనక్కి తిరిగింది. మా పాత ఇళ్ళకు, అటక పైన పక్కగోడలో, పొగ పోవడానికి ఒక చిన్న కిటికీ ఉంటుంది. జారిన మంచు పొడి అక్కడా కొట్టి దాన్ని మూసేసింది. నిప్పుల మీది పొగ పోయే దారి లేక అటకంతా నిండి కిందికి దిగడం మొదలెట్టింది. కళ్ళు మండుతుంటే ఇద్దరూ నిప్పు మీద బూడిద కప్పేశారు. ఇక మిగిలింది చలి, ఒక కిరసనాయిలు లాంతరు, పైన దూలాల కిరకిర.

"దూలానికి ఆసరా పెట్టు" అంది షిమా.

రిత్సు రోలు దొర్లించుకొచ్చి, వరి ఆరబెట్టే దుంగ దాని మీద నిలబెట్టి, పెద్ద దూలం కింద సుత్తితో బిగించింది. బిగిస్తుండగానే పైనుంచి మసి రాలింది. ఆ దుంగ ఎంతసేపు మోస్తుందో తెలియదు. ఎవరైనా పైకెక్కి ఆ మిగతా మంచు తియ్యాలి. ఎక్కాలంటే ముందు బయటపడాలి. ఉన్నది పొగ కిటికీ ఒక్కటే.

నిచ్చెన వేసుకుని అటకెక్కారు. కిటికీకున్న చెక్క కమ్మీలు రిత్సు సుత్తితో విరగ్గొట్టింది. పారకర్రతో పొడిస్తే మంచు ఊడి, వెలుతురు పడింది. బూడిదరంగు వెలుతురు, దాని నిండా రాలుతున్న మంచు. రెండు జానల వెడల్పు కూడా లేదు ఆ కంత. రిత్సు ఒక చెయ్యి ముందు పెట్టి, తల దూర్చి, నెట్టుకుంది. తల బయటికొచ్చింది. ఒక భుజం వచ్చింది. రెండోది రాలేదు.

వెనక్కి రాబోయింది. వెనక్కీ రాలేదు.

ముఖం బయట మంచులో, కాళ్ళు లోపల గాలిలో. పక్కటెముకలకు చెక్క నొక్కుకుంటోంది. కళ్ళలో పడ్డ మంచు తుడుచుకుందామంటే బయటున్న చెయ్యి ముఖందాకా రాదు. ఎదురుగా మా ఇల్లుండాలి. తెలుపు తప్ప ఏమీ లేదు. అరిచింది. ఆ అరుపు తన నోటి దగ్గరే పడిపోయిందట. నేను ఆ సమయానికి మా కప్పు మీదే ఉన్నాను. నలభై అడుగులు. నాకేమీ వినబడలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

"నేను ఇలా పోతాను అనుకున్నాను" అని చెప్పింది రిత్సు. "సగం ఇంట్లో, సగం బయట. పదిహేనేళ్ళు బతికినట్టే పోతాను అనుకున్నాను."

వెనక నుంచి ఎవరో మడమలు పట్టుకున్నారు.

"తన్నుకోకు" అంది షిమా గొంతు. "ఊపిరి పీల్చకు, వదులు. ఉన్నదంతా వదిలెయ్యి."

రిత్సు వదిలింది. ఆ పిడికెడు మనిషి తన బరువంతా వేసి లాగింది. కోటు చిరిగి, చర్మం గీరుకుని, రిత్సు వెనక్కి అటక మీద పడింది. ఇద్దరూ కాసేపు అక్కడే కూర్చుని రొప్పారు.

"ఆ పెద్దమనిషి భుజాలు చూసి తెచ్చాడు" అంది షిమా. "ఇప్పుడు చూడు." లేచి తన దూది కోటు విప్పేసింది. "జరుగు."

"మీరా?"

"మరి ఎవరు, పక్కింటి పిల్లి వస్తుందా?"

"అత్తయ్యా, మీకు డెబ్బై ఒకటి."

"వయసు తర్వాత లెక్కేద్దువుగానీ. తాడు తీసుకురా."

నడుముకు తాడు కట్టించుకుంది. ఒకసారి లాగితే బాగున్నట్టు, రెండుసార్లు లాగితే నన్ను లోపలికి లాగమన్నట్టు అని చెప్పింది. తర్వాత, కోడలి ముఖం చూసి కాబోలు, ఇంకో మాట కలిపింది. "ఆ పడకగది తలుపు చూస్తుండు. కదిలితే నేను సరిగ్గా తవ్వుతున్నట్టు."

కంతలోంచి పాములా జారిపోయింది. కోటు అందించింది రిత్సు, పార అందించింది. కాళ్ళు కనబడకుండా పోయాయి. కాసేపటికి నెత్తి మీద, కొప్పు దగ్గర, పార దిగిన చప్పుడు.

చెక్కతో చేసిన పార మాది. ఒక మంచు దిమ్మ తియ్యాలంటే రెండుసార్లు నిలువుగా, ఒకసారి అడ్డంగా కొయ్యాలి, తర్వాత తొయ్యాలి. కొత్తవాళ్ళ చప్పుడు గజిబిజిగా ఉంటుంది. షిమా చప్పుడు రెండు, ఒకటి, జారుడు. రెండు, ఒకటి, జారుడు. రిత్సు చీకట్లో తాడు పట్టుకుని కూర్చుని విన్నది. పదిహేనేళ్ళలో అత్తగారు తవ్వడం ఆవిడ లోపల నుంచి ఒక్కసారి కూడా వినలేదు. వచ్చిన మొదటి ఏటి నుంచీ ఇద్దరూ కప్పు మీదే ఉండేవాళ్ళు, తర్వాత తను ఒక్కతే.

మధ్య మధ్య దిగివచ్చి పడకగది తలుపు లాగి చూసింది. కదల్లేదు. దుంగ చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది, తను పట్టుకుంటే ఆగేదేదో ఉన్నట్టు. చలికి వేళ్ళు తెలియడం లేదు. నిప్పు వెయ్యడానికి లేదు, కంత తెరిచినా దిగిన పొగ ఇంకా పోలేదు. మళ్ళీ ఎక్కింది, తాడు ఒకసారి లాగింది. పైనుంచి ఒకసారి జవాబు వచ్చింది. మళ్ళీ దిగింది. అలా ఎన్నిసార్లో. తలుపు మీద చెయ్యేసినప్పుడు ఒకసారి అది వేలెడంత జరిగింది. రిత్సు ఆ సందులో వేలు పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చిందట. ఇంకాసేపటికి బెత్తెడు జరిగింది. తర్వాత పూర్తిగా.

"అత్తయ్యా, తలుపు వచ్చింది" అని పైకి అరిచింది.

అప్పుడు తెలిసింది, చప్పుడు లేదని.

అటకెక్కి తాడు లాగింది. జవాబు లేదు. గట్టిగా లాగింది. తాడు బిగుతుగా ఉంది, దేనికో చుట్టుకున్నట్టు. కంతలోకి ముఖం పెట్టి పిలిచింది. మంచు రాలుతూనే ఉంది.

కిందికి దిగి రంపం తెచ్చింది. పొగ కిటికీ పక్కన అడ్డంగా ఒక మందపాటి పలక ఉంటుంది. దాని బయటివైపు, మా రాతలో నీళ్ళు అని అర్థమిచ్చే ఒక అక్షరం చెక్కి ఉంటుంది. నిప్పు అంటకూడదని మా వైపు పాత ఇళ్ళకు అలా చెక్కిస్తారు. పైఇంటి అక్షరం కనెజిరో వాళ్ళ తాతగారు తన చేత్తో చెక్కింది. ప్రతి శరత్కాలం షిమా నిచ్చెన వేయించుకుని దాన్ని నూనెగుడ్డతో తుడిచేది. కోడల్ని ముట్టుకోనిచ్చేది కాదు. రిత్సు రంపం ఆ పలక మీదే పెట్టింది. వేరే చోట కోస్తే గోడకర్రలు అడ్డొస్తాయి. ఎంతసేపు కోసిందో తెలియదు. చివరికి కాలితో తన్ని, ఆ సందులోంచి దొర్లి బయటపడింది.

తాడు పట్టుకుని దక్షిణం వైపు పాక్కుంటూ వెళ్ళింది. కప్పు దాదాపు శుభ్రంగా ఉంది. చివర, చూరుకీ కిందపడ్డ మంచు గుట్టకీ మధ్య, ఒక నల్లటి సందు. దాంట్లో షిమా రొమ్ము దాకా దిగబడి ఉంది. పార అడ్డంగా రెండు గట్ల మీదా వేసి, దాని మీద చేతులు పెట్టుకుంది. ఆ పార లేకపోతే మొత్తం దిగిపోయి ఉండేది. ముఖం నీలంగా ఉంది. మంచు నొక్కేసి అరవలేకపోతోంది. కోడల్ని చూసి, ఆవిడ కోటు మీదా జుట్టు మీదా ఉన్న రంపపు పొట్టు చూసి, చాలా చిన్నగా అడిగింది.

"గోడ కోశావా?"

"కోశాను."

"అక్షరం?"

"రెండు ముక్కలైంది."

షిమా కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. ముందు నా కాళ్ళెక్కడున్నాయో చూడు."

రిత్సు చేతులతో తవ్వింది. కోసిన పలక ముక్క తెచ్చి దానితో తవ్వింది. నడుం దాకా తీసేసరికి షిమా ఒకసారి మూలిగి ఆగిపోయింది. ఎడమ తుంటి దగ్గర ఏదో విరిగింది. మధ్యాహ్నం మూడింటికి మంచు కాస్త పలచబడింది. అప్పుడు నేను తల ఎత్తి చూస్తే పైఇంటి కప్పు మీద ఒక మనిషి గొంగడి ఊపుతోంది. మంచు చెప్పులు కట్టుకుని బయల్దేరాను. నలభై అడుగులు నడవడానికి అరగంట పట్టింది. ఇద్దరం కలిసి పెద్దమ్మను బయటికి తీశాం. ఆ కోసిన సందులోంచే లోపలికి దించాం.

వైద్యుడు పంతొమ్మిది రోజులకు గానీ మా ఊరు చేరలేదు. అప్పటికి ఎముక తన ఇష్టమొచ్చినట్టు అతుక్కుంది. షిమా నిప్పుల గుంట పక్కన పరుపు మీద, రిత్సు ఆ పక్కన. గోడకున్న సందుకు గడ్డి చాపలు కట్టాం. రిత్సు తవ్వడం, దిగి అత్తగారికి గంజి పట్టడం, ఒళ్ళు తుడవడం, మళ్ళీ తవ్వడం. ఆ నెలలో ఆవిడ మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. నేనే నాలుగుసార్లు వెళ్ళాను.

మూడోసారి వెళ్ళినప్పుడు ఇంట్లో ఏదో తేడాగా ఉంది. రిత్సు నన్ను అటక కిందికి తీసుకెళ్ళి చెప్పింది. ముందురోజు షిమా, అడగకుండానే, పరుపు మీది నుంచే అన్నదట. "మిల్లు నుంచి నీకు ఉత్తరం వచ్చింది. నవంబరులో, నువ్వు ఇంటి వెనక పలకలు బిగిస్తున్న రోజు. రమ్మని రాశారు. నేనే నిప్పులో వేశాను."

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"గంజి తినిపించాను. కోపంగా బయటికి పోదామంటే బయట అనేది లేదు కదా. ఇదుగో, ఇక్కడిదాకా వచ్చి నిలబడుతున్నాను. ఇదే నాకు బయట."

మూడు రోజులు అలా గడిచాయట. నాలుగోరోజు షిమాను పక్కకు తిప్పి వీపు తుడుస్తూ రిత్సు అడిగింది. "ఎందుకు చేశారు?"

"నువ్వు పోతే ఎవరు తవ్వుతారు?"

"ఆ మాటే నాతో అనొచ్చుగా."

"అంటే ఉండేదానివా?"

"తెలియదు."

"అందుకే" అంది షిమా.

కాసేపటికి గోడవైపు తిరిగే చెప్పింది. తనూ ఒక చలికాలం పోదామని బయల్దేరిందట, పెళ్ళైన నాలుగో ఏడు. ఊరి బయటి వంతెన దాకా వెళ్ళింది. మంచులో వంతెన కనబడలేదు. అక్కడుండాలని తెలుసు, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియలేదు. చీకటి పడకముందే తిరిగొచ్చి అన్నం వండింది. వెళ్ళినట్టు ఎవరికీ తెలియదు. "నలభై ఎనిమిదేళ్ళయింది" అంది. "ఇవాళే నోట్లోంచి వచ్చింది."

రిత్సు క్షమించానని అనలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. వీపు తుడిచి, గుడ్డ పిండి ఆరేసింది.

ఏప్రిల్లో మగవాళ్ళు వచ్చారు. కనెజిరో ఇంటికొచ్చి, గోడకున్న కంత చూశాడు, తల్లి కాలు చూశాడు. అన్నాల దగ్గర షిమా చేతికర్ర పక్కన పెట్టి చెప్పింది.

"వచ్చే నవంబరులో రిత్సు పోతుంది. నువ్వుంటావు."

"ఎక్కడికి పోతుంది?"

"నువ్వు పోయినట్టే. పనికి."

"అమ్మా, ఊళ్ళోవాళ్ళు ఏమంటారు? మొగుడు ఇంట్లో, పెళ్ళాం పనికి."

"ఊళ్ళోవాళ్ళు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఊళ్ళో ఉండరు. మొగాళ్ళంతా పనికి పోతారుగా. ఉండేది మేం. మేం ఏమంటామో నేను చెబుతున్నాను."

కనెజిరో భార్య వైపు చూశాడు. రిత్సు అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అలాగే ఉంది. "నేను మళ్ళీ ఉత్తరం రాస్తాను" అంది. అతను చాలాసేపు తిన్నాడు. చివరికి, "పార పిడి మార్చాలి. నాకది పొట్టి" అన్నాడు. ఒప్పుకోవడం అంటే అతనికి అదే.

ఈసారి జవాబు రిత్సు చేతికే వచ్చింది. నవంబరు చివర మగవాళ్ళ బస్సులో, వెనక సీట్లో, ఒక్క ఆడమనిషి ఎక్కింది. ఎవరో ఏదో అన్నారు, ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడ కిటికీలోంచి మా వైపు చెయ్యి ఊపింది. మరుసటి ఏడు ముగ్గురం ఎక్కాం. అందులో నేనూ ఉన్నాను.

ఆ మొదటి చలికాలం మామూలు మంచే పడింది, కొంప ముంచేది కాదు. అయినా కనెజిరోకు జనవరి కల్లా అరచేతులు పగిలాయి. షిమా కర్ర మీద వాలి కింద నిలబడేది. "అటు కొంచెం, ఇటు కొంచెం" అని ఆ గొంతు మళ్ళీ మా ఇంట్లోకి వినబడేది. ఫిబ్రవరి చివర ఒకరోజు కనెజిరో మా ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"నాలుగు రోజులుగా అమ్మ ముఖం తప్ప ఇంకో ముఖం చూడలేదు. మీరంతా ఇన్నేళ్ళూ ఎలా ఉన్నారు?"

నేను టీ పోసిచ్చాను. తాగి, గిన్నె బోర్లించి, మళ్ళీ కప్పెక్కడానికి వెళ్ళిపోయాడు.

రిత్సు ఏప్రిల్లో వచ్చింది. కొంచెం తెల్లబడింది, చెంపలు నిండాయి. దూది వాసన వేస్తోంది. ఎలా ఉంది అక్కడ అని అందరం చుట్టూ చేరాం. మిల్లు బాగానే ఉందంది. యంత్రాల రొద ఎక్కువ. పడుకునే గదిలో పన్నెండు మంది. చలికాలమంతా ఎండ కాసింది, బట్టలు బయటే ఆరాయి. తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు ఇంకో సంగతి చెప్పింది. వెళ్ళిన కొత్తలో పొద్దున నిద్ర లేవగానే తనకు తెలియకుండానే తలుపు జరిపి చూసేదట, కదులుతోందా లేదా అని. అది సులువుగా జరిగిపోతే ఒక్క క్షణం అర్థమయ్యేది కాదట. పక్కనున్న అమ్మాయిలు నవ్వేవాళ్ళు. రేడియోలో ఉత్తరాన మంచు అని చెప్పిన రోజు అన్నం సయించేది కాదు. వీధిలో నడిచేటప్పుడు ఎవరింటి కప్పు కిందా నడిచేది కాదు, నడిరోడ్డు మీదే పోయేది.

"మరి నేల చూస్తూ నడిచావా?" అన్నాను.

"ఎక్కడ. పైకే చూస్తూ నడిచాను, ఫిబ్రవరి దాకా" అంది. "ఆ తర్వాత ఒకరోజు గుడికి పోయి వస్తూ చూసుకుంటే, కాళ్ళ కింద గులకరాళ్ళున్నాయి. ఎంతసేపటి నుంచి వాటినే చూస్తున్నానో నాకే తెలియదు."